సైరన్‌తో మొదలయ్యే ప్రేమకథ

సినిమా హాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "అంకుల్, సినిమాలన్నీ ఫ్రీగా చూడొచ్చా?" చూడొచ్చు. కొంతకాలం పోయాక చూడబుద్ధి కాదు, అంతే.

నేను కోనసీమ నుంచి కువైట్ వచ్చినప్పుడు ప్రొజెక్టర్ మెకానిక్‌ని. ఇరాక్ దండయాత్ర ముగిసి, తగలబడిన చమురు బావుల మసి ఇంకా గోడల మీద ఉన్న రోజులు. కువైట్ సిటీలో ఓ హాలు మళ్ళీ తెరుస్తున్నారంటే చేరాను. రీళ్ళ కాలంలో మొదలుపెట్టి, హార్డ్ డిస్కుల కాలందాకా ఆ హాల్లోనే ఉండిపోయాను. ఈమధ్యే దిగిపోయాను. ఇప్పుడు అబూ హలీఫాలో ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ సుగుణ నర్సు, ఇంకా సర్వీసులోనే ఉంది. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి, ఇప్పుడు ఆవిడ మీదే ఉంది. "ఏవండీ, చెప్పిందే చెప్పి నా ప్రాణం తీసే బదులు ఆ కబుర్లేవో రాసి పెట్టరాదూ" అని ఆవిడే అంది. అందుకే ఈ రాత.

ఈ ఉద్యోగంలో జీతాలెలా పెరుగుతాయో, ఎవరికి దండం పెట్టాలో నేను చెప్పను. అవి నాకు సరిగ్గా తెలిసినట్టయితే ఇంకో స్థాయిలో రిటైరై ఉండేవాణ్ణి. ఈ పని అసలు ఏమిటో, అది నాకు ఎలా తెలిసిందో మాత్రం చెబుతాను.

రాబోయే చిత్రాలు

జనం సినిమాకి వస్తారు. కూర్చుంటారు. అసలు సినిమా మొదలయ్యేలోపు కాసేపు రాబోయే చిత్రాల ట్రైలర్లు పడతాయి. ఏ సినిమా ముందు ఏ ట్రైలర్ వెయ్యాలో, ఎంత శబ్దంతో వెయ్యాలో చూసుకోవడం నా పని. చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ హాలు బతికేది దానిమీదే. ఇవాళ చూస్తున్న సినిమా ఇప్పటికే అమ్ముడైపోయింది. మనం అమ్మాల్సింది రాబోయేదాన్ని.

మా పంపిణీదారుల గోడౌను అల్ రాయ్‌లో ఉండేది, కార్ల షోరూముల వెనకాల. సీజను మొదట్లో నేనే వెళ్ళి డిస్కులు తెచ్చుకునేవాణ్ణి. పోయిన కొన్నేళ్ళుగా ఏ సీజను డిస్కులు విప్పినా హాలీవుడ్ నుంచి యుద్ధమే వస్తోంది. యుద్ధమంటే ఒకప్పటిలా సైనికుల కథలే అనుకోకండి. యుద్ధం అన్ని వేషాలూ వేసుకుని వస్తుంది. పైలటూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజి అమ్మాయీ ప్రేమించుకుంటారు, పైన బాంబులు పడుతుంటాయి. అది ప్రేమకథ. సొరంగంలో దాక్కున్న సైనికుల్ని దయ్యం ఒక్కొక్కళ్ళనే లాక్కుపోతుంది. అది హారర్. మిలిటరీ వంటవాళ్ళు శత్రువులకి పొరపాటున విందు చేస్తారు. అది కామెడీ. మందుగుండు మోసే కంచర గాడిద మాట్లాడుతుంది. అది పిల్లల బొమ్మల సినిమా. ఇక గూఢచారులు, రాబోయే శతాబ్దంలో యంత్రాలతో యుద్ధాలు సరేసరి.

సెన్సారు గురించి కూడా ఒక మాట. ఇక్కడ ముద్దు కత్తిరించేస్తారు. తెగిపడ్డ చెయ్యి ఉంచేస్తారు. ఇందులో ఎవర్నీ తప్పుపట్టను, నేను చూసింది చెబుతున్నాను. ఇన్నేళ్ళలో నేను చూసిన ప్రేమకథల్లో చాలావాటికి ప్రేమ పోయి యుద్ధమే మిగిలింది.

మా బాసు బూ ఫహద్

బూ ఫహద్ అంటే ఫహద్ వాళ్ళ నాన్న అని. పెద్దకొడుకు పేరు మీద పిలవడం ఇక్కడి మర్యాద. ఆయన మా హాలు మేనేజరు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళు ఇంకెవరి దగ్గరా చెయ్యలేదు. వాళ్ళ తాతగారు బొంబాయితో సరుకు వ్యాపారం చేసినాయన. అందుకని బూ ఫహద్‌కి హిందీ వచ్చు. నాతో హిందీలోనే, మధ్యమధ్య అరబ్బీ కలిపి మాట్లాడేవాడు.

కోపిష్టి. జీతం రోజున మాత్రం మెత్తగా ఉండేవాడు. హాల్లో పాప్‌కార్న్ మాడిన వాసన వస్తే కిందకి పరిగెత్తేవాడు. సినిమాల గురించి మాత్రం ఆయనకి అభిప్రాయం అంటూ ఉండేది కాదు. "జనం యుద్ధం అడుగుతున్నారు, యుద్ధం వెయ్యి. రేపు మేకలు అడిగితే మేకలు వేద్దాం" అనేవాడు. ఒక్క యుద్ధం సినిమా కూడా తను కూర్చుని చూడగా నేను చూడలేదు. వ్యాపారస్థుడికి సినిమా పిచ్చి ఉండకూడదు కాబోలు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం

చుట్టుపక్కల దేశాల మధ్య క్షిపణులు ఎగురుతున్న రోజులవి. కువైట్‌లో ఏమీ జరగలేదు, కానీ అందరూ పైకి చూస్తూ నడుస్తున్నారు. ఆఫీసులు నడుస్తున్నాయి, బస్సులు తిరుగుతున్నాయి. పిల్లలు ఇళ్ళలో ఉండలేక సినిమాకి తీసుకెళ్ళమని గొడవ పెడుతున్నారు. ఆవేళ మధ్యాహ్నం ఆటకి పిల్లల బొమ్మల సినిమా. హాలు దాదాపు నిండింది.

దాని ముందు వెయ్యమని వచ్చిన ట్రైలర్లలో పైలటూ, టెలిఫోన్ అమ్మాయి కథ ఉంది. దాని మీద 'ప్రేమకథ, కుటుంబాలకు' అని ముద్ర. సెన్సారు పాసయింది. పిల్లల సినిమా ముందు వెయ్యొచ్చన్నారు, వేశాను. అందులో ఏ దృశ్యమూ అభ్యంతరకరం కాదు. నిజానికి మొదట్లో దృశ్యమే లేదు. తెర మొత్తం నలుపు. ఆ నలుపులోంచి సన్నగా మొదలై పైకి లేచే సైరన్. ఎయిర్ రెయిడ్ సైరన్.

నేను పైన ప్రొజెక్షన్ గదిలో ఉన్నాను. అద్దంలోంచి చూస్తే చీకట్లో హాలు మొత్తం ఒక్కసారి కదిలింది. లేచి నిలబడ్డారు. "యల్లా! యల్లా!" అని ఎవరో అరబ్బీలో తొందరపెడుతూ అరిచారు. తెర మీద ఆ జంట దుప్పటి కప్పుకుని నవ్వుకుంటున్నారు. ఎవరూ తెర వంక చూడటంలేదు. పిల్లల్ని చంకనేసుకుని తలుపుల వైపు తోసుకుంటున్నారు. దీపాలు వేసి, శబ్దం ఆపేసి కిందకి దూకినట్టే దిగాను. "ఫిల్మ్! ఫిల్మ్! బస్ ఫిల్మ్ హై!" అని గొంతు చించుకున్నాను. బూ ఫహద్ అప్పటికే తలుపు దగ్గర చేతులు చాపి నిలబడి, జనాన్ని మెల్లగా ఒక్కొక్కళ్ళనే బయటికి వదులుతున్నాడు. ఆయన అలా నిలబడకపోతే ఆ గుమ్మంలో పిల్లలు నలిగిపోయేవాళ్ళు. ఒకావిడ మణికట్టు విరిగింది. ఇంకెవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదనుకున్నాం.

హాలు ఖాళీ అయ్యాక మధ్య వరసలో సీట్ల మధ్య నేల మీద బురఖాలాంటి నల్లటి అబాయా గుట్టలా కనిపించింది. దగ్గరికెళ్తే ఓబులమ్మ. ఆవిడ మాకు తెలిసిన మనిషే. అన్నమయ్య జిల్లా మనిషి, వయసులో ఉండగా కువైట్ వచ్చి ఒకే ఇంట్లో పనిచేస్తూ ఉండిపోయింది. వాళ్ళ యజమానురాలు, ఓబులమ్మ పిలుపులో 'మామా', అంటే ఇక్కడివాళ్ళ మాటలో అమ్మ, బాగా పెద్దావిడ. ఆ పెద్దావిడకి సినిమాలంటే ప్రాణం. బొమ్మల సినిమా అయినా సరే వస్తుంది. ఇప్పుడామె కింద పడుకుని ఉంది. ఓబులమ్మ ఆమె మీద, మోచేతులు రెండువైపులా ఆనించి, తల దాచేస్తూ బోర్లా పడుకుని ఉంది.

"ఓబులమ్మా, లేగమ్మా. ఏం లేదు. సినిమా శబ్దం అది" అన్నాను.

"నువ్వు పోన్నా" అంది, తల ఎత్తకుండానే. "ఆ పొద్దు గూడా ఇట్లనే జెప్పినారు. ఏమీ ల్యా, మిలిట్రీ వోళ్ళు ప్రాక్టీసు జేచ్చాండారు అనిరి. తెల్లారి వాకిలి తీచ్చే ట్యాంకులు."

"ఒట్టు ఓబులమ్మా. చూడు, దీపాలు వేశాం. నేనిక్కడే ఉన్నాగా."

కింద నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది, అరబ్బీలో. "ఓబులా, లే. యుద్ధం చంపకపోయినా నీ బరువుకి చచ్చేలా ఉన్నాను."

అప్పుడు లేచింది ఓబులమ్మ. పెద్దావిడని లేపబోతే కాలు కదల్లేదు. మడమ దగ్గర విరిగింది. తోపులాటలో కాదు. ఓబులమ్మ ఆమెని కుర్చీలోంచి కిందకి లాగినప్పుడు విరిగింది.

వాళ్ళింట్లో

రెండు రోజుల తర్వాత ఓబులమ్మ నాకు ఫోన్ చేసింది. "అన్నా, బదర్ బాబా నన్ను ఇంటికి పంపిచ్చానంటాండాడు. వయసయిపొయ్యింది, బుద్ధి చెడింది, ఖలాస్ అన్నాడు. నాకు యాడుండాదన్నా ఇల్లు? ఊర్లో నన్ను ఎరిగినోళ్ళే ల్యా."

బదర్ పెద్దావిడ కొడుకు, ఓబులమ్మ కఫీల్ కూడా ఆయనే. అంటే ఇఖామా ఆయన చేతిలో ఉంటుంది. ఉంచాలన్నా తీసెయ్యాలన్నా ఆయన మాటే. నేను బూ ఫహద్‌కి చెప్పాను. ఆయన కారు తాళాలు తీసుకుని "పద" అన్నాడు.

బదర్ మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టాడు. మా తరఫున వైద్యం ఖర్చు మాట్లాడబోతే చేత్తో వద్దన్నాడు. "డబ్బు సంగతి కాదు. మా అమ్మని కింద పడేసి కాలు విరగ్గొట్టింది. రేపు ఇంట్లో కుక్కర్ కూత వేస్తే మళ్ళీ పడేయదని ఏమిటి? చాలాకాలం చేసింది. ఆమెకి ఇవ్వాల్సింది ఇచ్చి సగౌరవంగా పంపుతాను."

"సైరన్ మోగించింది ఆమె కాదు, నా హాలు" అన్నాడు బూ ఫహద్. "శిక్ష వెయ్యాలంటే మా మీద ఫిర్యాదు ఇవ్వు. నేను సంతకం పెడతాను."

"మీ సంగతి వేరే చూస్తాను."

"ఆమె సంగతి వేరే కాదు, అబ్బాయ్."

మాట పెరిగేలా ఉంది. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఓబులమ్మ టీ గ్లాసులు తెచ్చి, నా దగ్గరికొచ్చి, "అన్నా, చక్కెర సాలుతాదా?" అని అడిగింది, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు.

లోపలి గదిలో తలుపు తెరిచే ఉంది. పెద్దావిడ మంచం మీద కాలికి కట్టుతో పడుకుని అంతా వింటోంది. "బదర్, ఇలా రా" అని పిలిచింది. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ గట్టిగానే మాట్లాడింది. మాకు వినపడాలనే కాబోలు.

"ఇది ఆమె నా మీద పడుకోవడం మొదటిసారి. అంతకుముందు ఎవరి మీద పడుకుందో తెలుసా?"

"అమ్మా, ఇప్పుడవన్నీ..."

"నీ మీద. సైనికులు ఇళ్ళు సోదా చేస్తున్న రోజు. మీ నాన్న కోసం వచ్చారు. మేం మెట్ల కింద కొట్టులో ఉన్నాం. నువ్వు పసివాడివి, ఏడుపు మొదలుపెట్టావు. నేను బిగుసుకుపోయాను, నా చేతులు ఆడలేదు. ఆ పిల్ల నిన్ను కిందేసుకుని నీ నోరు తన భుజానికి అదుముకుని పడుకుంది. వాళ్ళు వెళ్ళేదాకా లేవలేదు. అప్పుడు నీ ముక్కు చితికింది. నీ ముక్కు వంకర అందుకే."

బదర్ చెయ్యి తనకి తెలియకుండానే ముక్కు మీదకి వెళ్ళింది. "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"చాలాసార్లు చెప్పాను. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు."

ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఓబులమ్మ వంక చూడలేదు. క్షమాపణ కూడా అడగలేదు. టీ గ్లాసు అందుకుని, "ఆమె ఉంటుంది" అన్నాడు. అంతే. కథల్లోలాగా కౌగిలింతలేమీ జరగలేదు. ఓబులమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి కొళాయి నీళ్ళ శబ్దం చాలాసేపు వినిపించింది.

కారులో

తిరిగొస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బూ ఫహద్ అన్నాడు, "సైరన్ ఉన్న ట్రైలర్ పడినప్పుడల్లా నేను ఆఫీసులోంచి లేచి పార్కింగ్‌లోకి వెళ్ళేవాణ్ణి. నువ్వు గమనించావా?"

"సిగరెట్‌కి అనుకున్నానండి."

"నేను సిగరెట్ తాగను. ఇన్నేళ్ళు నాతో పనిచేశావు."

నిజమే. ఆయన సిగరెట్ తాగడు. ఆయన తమ్ముణ్ణి ఆ దండయాత్రలో ఇంట్లోంచి పట్టుకుపోయారు. యుద్ధం అయ్యాక వస్తాడని ఎదురుచూశారు. ఏళ్ళ తర్వాత సరిహద్దు అవతల ఒక గోతిలోంచి ఎముకలు వచ్చాయి. పరీక్ష చేసి ఇతనే అన్నారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పడం అదే మొదలు, అదే చివర. "అందరికీ ఆ సినిమాలు అమ్మాను" అన్నాడు చివర్న. "నేను పార్కింగ్‌లో నిలబడి అమ్మాను."

ఆ మర్నాడు పంపిణీ సంస్థ నుంచి ఎలీ అనే కుర్రాడు వచ్చాడు. లెబనాన్ అబ్బాయి, మంచివాడు. బూ ఫహద్ ట్రైలర్‌లో సైరన్ తీసెయ్యమన్నాడు. "అది మా చేతిలో లేదు, బూ ఫహద్. హాలీవుడ్ పంపింది పంపినట్టు వెయ్యాలి. ఒక్క క్షణం కూడా మార్చకూడదు" అన్నాడు ఎలీ.

"సెన్సారు ముద్దు తీసేసిందిగా?"

"అది ప్రభుత్వం. మీరు ప్రభుత్వం కాదు కదా."

"అయితే ట్రైలర్ వెయ్యను."

ట్రైలర్ వెయ్యకపోతే ఆ సినిమా రాదు. ఆ సినిమా రాకపోతే ఆ సంస్థ సీజను మొత్తం రాదు. హాలు యజమానులు లెక్కలు చూసుకుని బూ ఫహద్‌ని పిలిచి, చాలాకాలం కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఆయన తన కుర్చీ వెనక గోడకున్న గడియారం తీసుకుని వెళ్ళిపోయాడు, అది ఆయన సొంతది. నేను మాత్రం మానలేదు. నేను కూడా మానేస్తే ఏమయ్యేదని మీరడగొచ్చు. ఏమీ అయ్యేది కాదు. ఇంకొకడు ఆ మీట నొక్కేవాడు.

మా పోట్లాటలన్నిటికీ ఫలితంగా ఒకటి జరిగింది. ట్రైలర్ల ముందు తెర మీద ఒక వాక్యం వస్తుంది, సైరన్ శబ్దాలు ఉంటాయని. అరబ్బీలో, ఇంగ్లీషులో. కొన్ని వారాలు జనం చదివారు. తర్వాత పిల్లలు ఆ వాక్యం రాగానే నోటితో సైరన్ ఊదడం మొదలుపెట్టారు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను నేర్పగలిగింది ఇంతే. ట్రైలర్ డిస్కు రాగానే దానిమీద ఏ ముద్ర ఉందో చూడకండి. ప్రేమకథ, కామెడీ, పిల్లల సినిమా, ఇవి అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేర్లు. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. మీ హాల్లో ఎవరు కూర్చుంటారో తలచుకుని వినండి. మీరు చెప్పినా పైవాళ్ళు వినకపోవచ్చు. నా మాట ఎక్కువసార్లు వినలేదు. అయినా మీరు మాత్రం వినండి.

ఆ సినిమా

చివరికి ఆ ప్రేమకథ విడుదలయింది. బాగా ఆడింది కూడా. రెండో వారం మధ్యాహ్నం ఆటకి చక్రాల కుర్చీ తోసుకుంటూ ఓబులమ్మ వచ్చింది. కుర్చీలో పెద్దావిడ.

"ఇది వద్దమ్మా ఓబులమ్మా, అదే సినిమా" అన్నాను. "పక్క తెరలో కామెడీ ఉంది."

"మామా ఇదే సూడాల అంటాది అన్నా. మొదలు సూసినాం, కడా సూడాల గదా అంటాది. నేనేం జేద్దును?"

చివరి వరస పక్కన కుర్చీ పెట్టించాను. పైన పనివాడికి అప్పజెప్పి నేను కిందే ఉండిపోయాను. ఆ సినిమాలో ఎక్కడెక్కడ ఏముందో నాకు తెలుసు. మొదటి సైరన్ రావడానికి కొంచెం ముందు వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను.

పెద్దావిడ నిద్రపోతోంది. తల పక్కకి వాలిపోయింది. కాస్త నోరు తెరుచుకుని, పసిపిల్లలా గాఢంగా నిద్రపోతోంది.

"లేపి బయటికి తీసుకెళ్దామా?" అని గుసగుసగా అడిగాను.

"వద్దన్నా, లేపొద్దు. కాలు ఇరిగినకాడ్నించి ఇంట్లో కన్నే మూయదు. ఈడ పండుకునింది. పండుకోనీ."

"ఇప్పుడు సైరన్ వస్తుంది మరి."

ఓబులమ్మ కొంచెం ముందుకు వంగి, తన రెండు అరచేతులూ పెద్దావిడ చెవుల మీద గట్టిగా మూసింది. సైరన్ మొదలయింది. సన్నగా లేచి, హాలంతా నిండి, మళ్ళీ దిగింది. ఓబులమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యలేదు. భుజాలు మాత్రం బిగుసుకుని ఉన్నాయి. పెద్దావిడ నిద్రలో ఏదో గొణిగి మళ్ళీ సర్దుకుంది.

శబ్దం పోయాక కూడా ఓబులమ్మ చేతులు తియ్యలేదు. నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఇంగా ఉండాదా అన్నా?"

"ఇంకోటి ఉంది. ఆఖర్లో. వచ్చే ముందు నేను చెబుతాను."

"పోవద్దన్నా, ఈడ్నే ఉండు."

నా కాళ్ళు పీకుతున్నాయి. ముందు వరసలో కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది. అయినా కూర్చోలేదు. ఆమె పక్కనే నిలబడ్డాను, సినిమా అయిపోయేదాకా.